బేకరీ నాటకానికి వదిన పాటలు

ఫిబ్రవరి 6

పళ్ళ డాక్టరు వదినకు, ఇంకా ఒక్క పన్నూ పుచ్చని మరదలి పలకరింపు.

వదినా, కూర్చుని చదువు. మాకు హాలు దొరికింది! ఈసారి బడిలో బల్లలు పక్కకు నెట్టుకుని ఆడే నాటకం కాదు. ఎర్ర తెర, పైన లైట్లు, తలుపు దగ్గర టికెట్లు చింపే మనిషి, అన్నీ ఉన్న అసలు సిసలు హాలు. ఏప్రిల్ మొదటి వారం మీదే అంది యజమానురాలు. జనం వస్తే సీజనంతా మాదే. రాకపోతే మళ్ళీ బల్లలు నెట్టుకోవడమే. వస్తారు. నాకు అనుమానం లేదు, నువ్వూ పెట్టుకోకు.

నాటకం పేరు ‘బేకరీ’. పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి సాయంత్రం దించేదాకా ఒక రోజు. అయిదుగురు నటులు, ఒక పెద్ద బల్ల, బోలెడు పిండి. మాట అన్నది ఒక్కటీ ఉండదు. పిండి పిసకడం, ట్రేలు విసురుకోవడం, చివరి బన్ను కోసం ఇద్దరు ముసలివాళ్ళ తగువు, పొయ్యి మొరాయించడం, అన్నీ ఒంటితోనే చెప్పాలి. సంగీతమే మా నోరు. వాయించేవాళ్ళు మాకు లేరు, కానీ ఇంటినిండా రికార్డులున్న వదిన ఉంది. నీ క్లినిక్కులో కూర్చుని చూసినదాన్నే కదా నేను. పన్ను పీకేటప్పుడు బాకాల బ్యాండు, పంటిలో నింపిన సిమెంటు ఆరేదాకా వేణువు. ఒకాయన నోరు మూసుకోగలిగాక మొదట అడిగింది ఆ పాట ఎవరిదని. ఆ విద్య ఇప్పుడు నాకు కావాలి.

చివరి సీనుకు మాత్రం నేనే ఎంచుకున్నాను. అందరూ వెళ్ళిపోయాక బేకరీ ఆవిడ ఒక్కతే మిగిలి చేతుల పిండి దులుపుకుంటుంది. అక్కడ అమ్మ పాట రావాలి. ఎగ్జిబిషన్లో పాట పాడితే అక్కడికక్కడే రికార్డు కోసి ఇచ్చే గదిలో అమ్మ తీసిన కూనిరాగం. బేకరీలో పిండి పిసుకుతూ అమ్మ రోజూ తీసిన రాగం అదేనని అన్నయ్య చెప్పేవాడు. నాకు అమ్మ ముఖం గుర్తులేదు, నాకు మాటలు వచ్చేలోపే పోయింది. ఆ రికార్డులోని సన్నని, ఆడుకునే పిల్లలాంటి గొంతే నాకు తెలిసిన అమ్మ. నిజం చెప్పాలంటే ఈ నాటకం కట్టిందే ఆ రాగం కోసం. అన్నయ్యను నువ్వే అడుగు. నేను అడిగితే డిపోకు టైమైందని లేచిపోతాడు.

హాలున్న మరదలు,
పిడుగు

---

ఫిబ్రవరి 15

పిడుగూ,

నీ ఉత్తరం వచ్చేసరికి నా వేళ్ళు ఒక పెద్దమనిషి నోట్లో ఉన్నాయి. ఆగలేక అసిస్టెంటు చేత చదివించుకున్నాను. హాలు దొరికిందన్న చోట నేను కేక వేశాను, ఆయన కరిచాడు. నీ నాటకానికి మొట్టమొదట రక్తం ధారపోసింది నేనేనని పోస్టరు మీద వేయించు.

మీ అన్నయ్యకు చెప్పాను. మీసాల చాటున నవ్వుకున్నారు. ఆ పూట డిపోలో ఆలస్యంగా వచ్చిన డ్రైవర్లెవరికీ చీవాట్లు పడలేదట. టైమ్ కీపరుకు ఒంట్లో బాగాలేదేమోనని మా ఇంటికి ఫోను కూడా చేశారు.

మీ నాన్నగారి పాత ప్లేయర్ మీంచి పాటలు ఎక్కించిన క్యాసెట్టు పంపుతున్నాను. వరస మార్చావంటే ఊరుకోను. షట్టరు ఎత్తడానికి పడవవాళ్ళ పాట, అది ఏ దేశం భాషో తెలియదు కానీ బరువు లాగేవాళ్ళందరిదీ అదే భాష. పిండి పిసకడానికి సైనికుల కవాతు. ట్రేలు విసురుకోవడానికి మీ నాన్నగారు కొన్న జాజ్ రికార్డు. ముసలివాళ్ళ తగువుకు రెండు వయొలిన్లు. రాజుల కాలం నాటి సంగీతమే, అయినా ఒకరి మాట ఒకరు ఎలా తుంచుకుంటారో విను. పొయ్యి మొరాయించిన చోట ఒపేరా ఆవిడ ఏడుస్తుంది. పిల్లలు బన్నులు కొట్టేసే చోట డిస్కో. వీటికి ఒకదానికొకటి పొంతన ఉందా అని ఎవరైనా అడిగితే, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నీ మనసు ఒకే రాగంలో ఉంటుందా నాయనా అని అడుగు.

అత్తయ్యగారి రికార్డు బాగా అరిగిపోయింది. బరబర తప్ప ఏమీ వినపడదు. ఆ చోట ఆర్గన్ పెట్టాను, బాగుంటుంది. ఆ రికార్డు ఆలోచన మానుకో.

పన్ను పీకినా ప్రేమగా పీకే,
వదిన

---

ఫిబ్రవరి 26

వదినా,

నీకు దండం పెట్టాలో నిన్ను తన్నాలో తెలియడం లేదు. నీ క్యాసెట్టుతో మావాళ్ళ నడుములు విరిగిపోతున్నాయి. కవాతుకు పిండి పిసకమంటే మొదటి రోజు ముగ్గురు కూర్చుండిపోయారు. పొట్టిగా, బొద్దుగా ఉండే మా బేకరీ ఆవిడ అయితే, ‘మీ వదినగారికి మామీద ఏమైనా పాత పగ ఉందామ్మా?’ అని అడిగింది. మొదట నాకూ ఒళ్ళు మండింది, మా బేకరీ నీకు పటాలంలా కనిపించిందా అని. కానీ నాలుగో రోజుకు వాళ్ళ చేతులు పట్టాలెక్కాయి. ఇప్పుడు చూడాలి నువ్వు! ట్రే గాలిలో ఉండగానే రెండోది లేస్తుంది. హాలు తుడిచే ఆవిడ చీపురు పక్కన పెట్టి రోజూ రిహార్సలు చూస్తోంది. ఆమె నవ్వని చోట నేను సీను మారుస్తున్నాను.

ఆర్గన్ మాత్రం కుదరదు. ఎవరో పోయినట్టుంది. మా బేకరీ ఆవిడ పోలేదు, పని ముగించిందంతే. రేపు మళ్ళీ షట్టరు ఎత్తుతుంది.

అయినా వదినా, రికార్డు ఎప్పుడు అరిగింది? పోయిన సెలవులకు వచ్చినప్పుడు వంటగదిలో నిలబడి విన్నాను కదా, సన్నగా గీత పడ్డ శబ్దం తప్ప అంతా శుభ్రంగా ఉంది. అన్నయ్యకు విడిగా ఉత్తరం రాశాను. జవాబు లేదు. నా నాటకంలో అమ్మను నలుగురి ముందు పెట్టడం ఇష్టం లేదా వాడికి? అదే అయితే ఆ మాట వాడినే చెప్పమను. నీ చేత అబద్ధం ఆడించవద్దను.

పిడుగు

---

మార్చి 5

పిడుగూ,

ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు నీ కోపం మీ అన్నయ్య మీద పడిందేమిటి? ఆయన నీ ఉత్తరం చదివారు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆ చొక్కా ఉతుక్కు వేసినప్పుడు తీసి ఇంకో చొక్కా జేబులో పెట్టుకున్నారు. జవాబు రాయడం ఆయనకు చేతకాదు. ఊళ్ళో ప్రతి బస్సు ఎప్పుడు వస్తుందో చెప్పగలరు కానీ మనసులో మాట ఎప్పుడు వస్తుందో చెప్పలేరు. నీ నాటకం మీద ఆయనకు కోపం లేదు. ఆ రికార్డు పంపనిది నేను. ఎందుకని అడగకు. కొన్ని పళ్ళు కదులుతున్నా పీకకూడదు, వాటి మీద పక్క పళ్ళు ఆనుకుని ఉంటాయి.

ఆర్గన్ నచ్చకపోతే చివరకు వేణువు వెయ్యి. రెండో వైపు మొదట్లో ఉంది.

వదిన

---

మార్చి 9

వదినా,

నేను నీ పేషెంటును కాను, పళ్ళ సామెతలతో మత్తు ఇవ్వకు.

ఆ రికార్డు మా అమ్మది. నువ్వు ఆమెను చూడనైనా లేదు. నేను చూసినా గుర్తులేదు కాబట్టి మనిద్దరం ఒకటేననుకుంటున్నావేమో, కాదు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. పెత్తనంలో సగం నాకొద్దు, రికార్డులో సగం నాకియ్యి.

వేణువు వెయ్యను. ఏమీ వెయ్యకుండా తెర దించుతాను, అందరూ ఏదో కరెంటు పోయిందనుకుంటారు.

---

మార్చి 13

పిడుగూ,

ఉత్తరం అందింది. కోపమూ అందింది. సంతకం మాత్రం దారిలో ఎక్కడో పడిపోయినట్టుంది.

నేను అత్తయ్యగారిని చూడలేదన్నది నిజమే. ఆ మాట ఇంకోసారి రాయకు.

వదిన

---

మార్చి 20

వదినా,

ఆ మాట రాయకుండా ఉండాల్సింది. పోస్టులో వేసిన మరుక్షణమే డబ్బాలో చెయ్యి దూర్చి చూశాను, అందలేదు.

ఇప్పుడు అసలు సంగతి విను. నిన్న రిహార్సల్లో ట్రే వెళ్ళి మా ముసలి నటుడి మోకాలికి తగిలింది. కాస్త వాచింది, నడుస్తున్నాడులే. ఎందుకు తగిలిందో చెబుతాను. క్యాసెట్టులో జాజ్ ముక్క దగ్గర గరగర ఉందని మా సౌండు ఆయన హాలు బీరువాలో వెతికితే అదే రికార్డు, కొత్తది, దొరికిందట. మంచి చేద్దామని మాకు చెప్పకుండా అది వేశాడు. విసిరే కుర్రాడు చేతులకు అలవాటైన వేగంలో విసిరాడు. పట్టే అమ్మాయి పాట విని చెయ్యి చాచింది. మధ్యలో ముసలాయన మోకాలు ఉంది.

నాకేమీ అర్థం కాలేదు. క్యాసెట్టునూ రికార్డునూ ఒకేసారి మొదలుపెట్టి వినిపించమన్నాను. రెండూ ఒకటే పాట, ఒకటే బృందం. కానీ మనింటి పాట ముందే ముగిసింది, సౌండు ఆయన రికార్డు ఇంకా తీరిగ్గా వాయిస్తోంది. శ్రుతి కూడా మనదే పైన ఉంది. మిగతావీ బీరువాలో దొరికినంతవరకు పోల్చి చూశాం. అన్నీ అంతే. మా వాళ్ళ నడుములు విరిగింది నీ కవాతు వల్ల కాదు వదినా, నాన్న కొన్న ప్లేయర్ వల్ల! అది తిరగాల్సినదానికన్నా వేగంగా పరుగెడుతోంది. నేను పుట్టినప్పటి నుంచీ పరుగెడుతూనే ఉందన్నమాట. ఊరి బస్సులన్నిటికీ ఆలస్యం పట్టే టైమ్ కీపరు ఇంట్లో తొందరపడే ప్లేయర్ ఉందని చెప్పి అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం.

బసకు వచ్చాక నవ్వు ఆగిపోయింది. అమ్మ పాట కూడా దాని మీదే కదా విన్నాం.

నీకు ఇది ముందే తెలుసా?

పిడుగు

---

మార్చి 25

పిడుగూ,

తెలుసు.

పెళ్ళయిన కొత్తలో నేను కొత్త ప్లేయర్ కొన్నాను, ఇప్పుడు క్లినిక్కులో ఉన్నది అదే. నువ్వు అప్పుడు హాస్టల్లో ఉన్నావు, రెండు జడల పిల్లవి. మీ అన్నయ్యను సంతోషపెడదామని మొట్టమొదట అత్తయ్యగారి రికార్డు పెట్టాను. అందులోంచి వేరే మనిషి వచ్చింది. బరువైన గొంతు, నిదానమైన రాగం. పిల్లలా ఆడుకుంటున్న మనిషి కాదు, పొద్దున్నుంచి నిలబడి పనిచేసి, ఇంకా పనిచేయగల మనిషి. నాకైతే ఆ గొంతు ఎంతో నచ్చింది. మీ అన్నయ్య మాత్రం గోడ పట్టుకుని నిలబడ్డారు. ‘ఇది మా అమ్మ కాదు’ అన్నారు. ‘తీసెయ్, ఇది ఎవరో’ అని చెప్పులైనా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయారు.

ఆలోచించు. అత్తయ్యగారు పోయేనాటికి ఆయనకు ఆ గొంతు తెలుసు, బడికి వెళ్ళే పిల్లాడు కదా. కానీ ఆ తరువాత ఇన్నేళ్ళు రోజూ ఆ ప్లేయర్ మీద విని విని, అసలు గొంతు మీద ఈ గొంతు పేరుకుపోయింది. నేను వచ్చిన ఏడాదే ఆయనకున్న ఒక్క అమ్మనూ తీసేసుకోనా? పాత ప్లేయర్ యథాస్థానంలో పెట్టేశాను. అది ఎప్పుడు మొరాయించినా రిపేరు చేసేవాడికి చెబుతాను, అన్నీ బాగుచెయ్యి కానీ వేగం జోలికి పోకు అని. అతను నన్ను పిచ్చిదాన్ననుకుంటాడు. అనుకోనీ. ఇందులో నేను తప్పు చేశానని ఇప్పటికీ అనుకోవడం లేదు. నిన్ను మాత్రం ఇంకో పేషెంటులా చూసి బుజ్జగించి పంపబోయాను, అది నీకు తగదు. నీది సగం కాదు, ఆ రికార్డులో నీ హక్కు పూర్తిది.

రెండు క్యాసెట్లు పంపుతున్నాను. నీలం దాంట్లో మనింటి ప్లేయర్ మీద అమ్మ. తెల్లదాంట్లో క్లినిక్కు ప్లేయర్ మీద అమ్మ. ఏది వేస్తావో నీ ఇష్టం. తెల్లది వినేటప్పుడు ఒక్కదానివే విను.

మీ అన్నయ్య మొదటి రోజుకు వస్తున్నారు. సెలవు పెట్టారు! డిపోలో నమ్మలేక ఇద్దరు క్లర్కులు కాగితం వెలుతురుకు పెట్టి చూశారట. అమ్మ పాట ఉంటుందని చెప్పాను. ఏ పాటో చెప్పలేదు. ఆయన ముందు ఏది వెయ్యాలని నన్ను అడగకు, నాకూ తెలియదు. ఆయన మళ్ళీ గోడ పట్టుకుంటే ఏం చేస్తావో మాత్రం ఆలోచించుకో.

నేను రాలేను. ఆ రోజు ఒక పెద్దాయనకు కొత్త పళ్ళ సెట్టు బిగించాలి. మర్నాడు ఆయన మనవరాలి పెళ్ళిలో మాట్లాడాలట, పళ్ళు లేకుండా ఆశీర్వదిస్తే తిట్టినట్టుంటుందని భయపడుతున్నాడు.

వదిన

---

ఏప్రిల్ 3

మా అమ్మను చూడకపోయినా అందరికన్నా ముందు విన్న వదినకు,

ముందు హాలు సంగతి చెప్పేస్తాను, లేకపోతే నువ్వు పేజీలు తిప్పేస్తావు. నిండింది. రెండో రోజు మెట్ల మీద కూడా కూర్చున్నారు. సీజనంతా మాదేనని యజమానురాలు పిండి చేతులతోనే నా చెయ్యి పట్టుకుని చెప్పింది. ఆవిడకు పిండి ఎక్కడ అంటిందో నాకు తెలియదు, ఈ హాల్లో ఇప్పుడు అందరికీ అంటుతోంది.

పాటలన్నీ మనింటి వేగంలోనే ఉంచాను. మావాళ్ళ చేతులు దానికే అలవాటు పడ్డాయి, పైగా బేకరీకి ఆ తొందరే అందం. ఒపేరా ఆవిడ ఏడ్చిన చోట జనం నవ్వలేక వంగిపోయారు. డిస్కోకు ఎవరో ముందు వరసలో లేచి ఆడబోతే వాళ్ళావిడ చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

ఇక తెల్ల క్యాసెట్టు. ఒక్కదాన్నే వినమన్నావు కదా. భోజనం వేళ హాలు ఖాళీ అయ్యాక పెట్టించుకున్నాను. సౌండు ఆయన తీగలు చుట్టుకుంటూ నాకు వీపు పెట్టి ఉన్నాడు. రాగం మొదలైంది. ఆయన వెనక్కి తిరగకుండానే, ‘బాగుందమ్మా, ఇది ఎప్పుడు పాడారు మీరు?’ అన్నాడు.

నా గొంతు సంగతి నీకు తెలిసిందే. ఫోనులో నన్ను అయ్యగారూ అంటారు. నాటకాల్లోకి వచ్చిన కొత్తలో ఏ వేషానికి వెళ్ళినా, మనిషి బాగుంది, గొంతే మగరాయుడిలా ఉంది అన్నారు. అందుకే మాటల్లేని నాటకాలు మొదలుపెట్టాను, ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మది కోకిల గొంతు, నాకు మాత్రం ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో అని ఎన్నిసార్లు ఏడ్చానో. నేను అప్పుడు కుర్చీలో కూర్చుని మళ్ళీ ఏడ్చాను, కానీ అది ఆ ఏడుపు కాదు. సౌండు ఆయన పాపం కంగారుపడి టీ తెచ్చాడు.

మొదటి రోజు అన్నయ్య మూడో వరసలో కూర్చున్నాడు, ఇస్త్రీ చొక్కా, జేబులో నా పాత ఉత్తరం. నీలమా, తెల్లదా? సౌండు ఆయనను అడిగితే ఏది ఇస్తే అది వేస్తానన్నాడు. తెల్లది ఇచ్చాను. అన్నయ్యను బాధపెట్టాలని కాదు వదినా. జీవితమంతా అమ్మను తొందరపెట్టాం, ఒక్కసారైనా ఆమె నడకలో నడవనిద్దామనిపించింది.

రోజంతా పరుగెత్తిన బేకరీ ఒక్కసారిగా నిలబడింది. బేకరీ ఆవిడ చేతులు దులుపుకుంటోంది, ఆ బరువైన గొంతు నిదానంగా వస్తోంది. హాల్లో ఎవరూ కదలలేదు. నేను తెర పక్కనుంచి అన్నయ్యనే చూస్తున్నాను. లేస్తాడనుకున్నాను. ముందు కుర్చీ వీపు రెండు చేతులతో పట్టుకున్నాడు. లేవలేదు. తెర పడింది, చప్పట్లు మోగాయి, వాడు చప్పట్లు కూడా కొట్టకుండా అలాగే పట్టుకుని ఉన్నాడు.

అందరూ వెళ్ళిపోయాక స్టేజీ వెనక్కి వచ్చాడు. పిండి బస్తా మీద కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా పాడవుతుందన్నాను. వినిపించుకోలేదు. ‘ఏదైనా మాట్లాడు’ అన్నాడు.

‘ఏం మాట్లాడను అన్నయ్యా?’

‘ఏదైనా సరే. తిట్టు, ఫరవాలేదు.’

తిట్టాను వదినా. జవాబు రాయనందుకు తిట్టాను. హాస్టలుకు వచ్చినప్పుడు గేటు దగ్గరే నిలబడి వెళ్ళిపోయేవాడు కదా, అందుకు తిట్టాను. నిన్ను ఇన్నేళ్ళు ఆ పాత ప్లేయరుకు కాపలా పెట్టినందుకు తిట్టాను. వాడు కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వాల్చి, కదలకుండా విన్నాడు. తిట్లు అయిపోయి నేను ఆగాను.

‘ఇంకా’ అన్నాడు.

నీ పిడుగు